సముద్రంలో సాల్మన్ – కావేరిలో మహసీర్



పోయిన ఆగస్టులో ఒక ఆదివారం తెల్లవారుతూనే సర్జాపురలోని మా ఇంట్లో ఫోను మోగింది. అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటున్న మా అన్నయ్య కొడుకు. వాళ్ళకు అప్పుడు శనివారం సాయంత్రం. "అత్తా, కొత్త పడవ కొన్నాను. ఈ రోజే స్నేహితులతో కలిసి సాల్మన్ చేపల వేటకు పోయొచ్చాం" అన్నాడు. గొంతులో సంతోషం ఉంది, దాని వెనకాలే కొంచెం దిగులూ ఉంది.

ఏమిటి సంగతని అడిగాను.

"మొదటి చేపను వదిలేయాల్సి వచ్చింది అత్తా. ఐదారు కిలోలుంటుంది. పడవలోకి కూడా ఎత్తనివ్వలేదు. దాని వీపు మీద చిన్న రెక్క ఉందట!"

రెక్క ఉంటే వదిలేయడమేమిటని నాకూ వింతగానే తోచింది. తరువాత ఆ విషయం చదివి, అడిగి తెలుసుకున్నాను. ఆ చిన్న రెక్క కథ తెలిశాక మన కావేరి నదిలో జరిగిన ఒక నష్టం నాకు మరింత బాగా అర్థమయింది. ఆ రెండు సంగతులూ ఈ పూట మీతో పంచుకుంటాను.

ముందుగా సాల్మన్ అంటే ఏమిటో చూద్దాం. మన కోస్తాలో మాగ అనే చేపను కొందరు 'ఇండియన్ సాల్మన్' అని అమ్ముతారు. పేరులోనే సాల్మన్ గాని, దానికీ అసలు సాల్మన్‌కూ చుట్టరికం లేదు. అసలు సాల్మన్ చల్లని నీటి చేప. అమెరికా పడమటి తీరంలో చినూక్, కోహో, సాకై, పింక్, చమ్ అని ఐదు రకాలున్నాయి. ఇవి ఏటిలో గులకరాళ్ళ మధ్య పుడతాయి. పిల్లలుగా ఉండగానే ప్రవాహం వెంట సముద్రానికి పోతాయి. అక్కడ కొన్నేళ్ళు మేసి, పెరిగి, తిరిగి తాము పుట్టిన ఏటికే వస్తాయి. పుట్టిన నీటి వాసనను గుర్తుపట్టి దారి తెలుసుకుంటాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ప్రవాహానికి ఎదురీదుతూ వచ్చి, గుడ్లు పెట్టి, ఆ ఐదు రకాలూ అక్కడే ప్రాణం విడుస్తాయి.

ఇలా సముద్రం నుంచి ఏటి ముఖానికి వచ్చే రోజుల్లోనే వేటకారులు పడవలు తీస్తారు. సియాటిల్ పక్కన ఉన్నది ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ. మావాడు కొన్న పడవ ఇరవై అడుగులది. వెనుక పెద్ద మోటారు ఒకటి, దాని పక్కన చిన్న మోటారు ఒకటి ఉంటాయి. చేపలున్న చోటికి చేరడానికి పెద్దది. చేరాక నడక వేగంతో మెల్లగా పోవడానికి చిన్నది. అలా మెల్లగా పోతూ వెనకాల గాలం లాగుతారు. చేప లోతులో ఉంటుంది కాబట్టి, నాలుగైదు కిలోల సీసపు గుండును తీగకు కట్టి దించి, దానితోపాటు గాలపు దారాన్నీ కావలసిన లోతుకు పంపుతారు. గాలానికి ముందు తళతళ మెరిసే ఒక రేకు తిరుగుతూ ఉంటుంది. ఆ మెరుపు చూసి సాల్మన్ దగ్గరకు వస్తుంది, వెనకాలే ఉన్న ఎరను పట్టుకుంటుంది. పట్టగానే దారం గుండు నుంచి విడివడుతుంది. అప్పుడు కడ్డీ పట్టుకున్న మనిషికీ చేపకూ పోరు మొదలవుతుంది.

ఇంత చదివి ఇది సరదా ఆట అనుకుంటాం గాని, దాని వెనుక కట్టుబాట్లు చాలా ఉన్నాయి. ఆ నీరు వేసవిలో కూడా మన బావి నీటికంటే చాలా చల్లన. పడితే మొదటి నిమిషాల్లోనే ఊపిరి అందక మనిషి తల్లడిల్లుతాడు. అందుకే పడవలో ప్రతి మనిషికీ సరిపోయే లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. పందొమ్మిది అడుగులకంటే చిన్న పడవల్లో పన్నెండేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలు దాన్ని తొడుక్కునే కూర్చోవాలి. పడవ నడిపేవారు పరీక్ష రాసి కార్డు తీసుకోవాలి. ఎక్కడికి పోతున్నామో, ఎప్పటికి వస్తామో ఒడ్డున ఉన్నవారికి చెప్పి పోవడం మంచి అలవాటు. ఈ మాటలు మన హొగెనకల్ పరిసలుకూ, కృష్ణా నది పుట్టికీ అంతే వర్తిస్తాయి.

చేప విషయంలో కట్టుబాట్లు ఇంకా గట్టివి. ఏ ప్రాంతంలో, ఏ తేదీల్లో, ఏ రకం చేపను, ఎన్నింటిని పట్టవచ్చో ప్రతి సంవత్సరం నిర్ణయిస్తారు. అక్కడి సముద్రపు నీటిలో సాల్మన్‌కు వాడే గాలానికి వెనక్కు తిరిగిన ముల్లు ఉండకూడదు. నున్నటి గాలం అయితే చేప నోరు చీలకుండా ఊడి వస్తుంది. ఉంచుకున్న సాల్మన్‌ను అప్పటికప్పుడే కార్డులో రాసుకోవాలి. ఇంటికి పోయి రాద్దాంలే అంటే కుదరదు.

ఇక ఆ చిన్న రెక్క సంగతి. సాల్మన్ వీపు మీద పెద్ద రెక్క ఒకటి ఉంటుంది. దానికీ తోకకూ మధ్య, బొటనవేలి గోరంత, మెత్తని చిన్న రెక్క ఇంకొకటి ఉంటుంది. అక్కడి ప్రభుత్వం వంద ఏళ్ళకు పైగా హాచరీల్లో సాల్మన్ పిల్లలను పెంచి ఏళ్ళలో వదులుతోంది. ఆనకట్టలవల్ల, అడవుల నరికివేతవల్ల, మితిమీరిన వేటవల్ల తగ్గిన చేపలను పెంచాలనేది ఉద్దేశం. కాని ఒక చిక్కు వచ్చింది. హాచరీ చేపా, ఏటిలో సహజంగా పుట్టిన చేపా చూపుకు ఒకే తీరుగా ఉంటాయి. హాచరీ చేపలు గుంపులుగా తిరిగి రావడం చూసి 'ఏరు బాగుంది' అనుకుంటే, ఆ గుంపులో ఏటి సొంత చేపలు ఎన్ని మిగిలాయో తెలియదు. ప్యూజెట్ సౌండ్ చినూక్ చేపను 1999లో ప్రమాదంలో ఉన్న జాతిగా అమెరికా ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది.

అందుకని 1990ల నుంచి ఒక పద్ధతిని పెద్దఎత్తున అమలు చేస్తూ వచ్చారు. హాచరీలో పిల్లలను వదిలే ముందు ఆ చిన్న రెక్కను కత్తిరిస్తారు. లక్షల పిల్లలకు ఇలా చేస్తారు, ఇప్పుడు దానికి యంత్రాలు కూడా వచ్చాయి. రెక్క లేకపోతే అది హాచరీ చేప, నియమం ప్రకారం తీసుకోవచ్చు. రెక్క ఉంటే అది ఏటి బిడ్డగా లెక్క, చాలా చోట్ల వదిలేయాలి. వదలవలసిన చేపను పడవలోకి ఎత్తడం కూడా తప్పే. ఎత్తి పడవలో వేస్తే అది కొట్టుకుంటుంది, ఒంటి జిగురు పోతుంది, పొలుసులు రాలుతాయి. ఆ తరువాత నీటిలో వదిలినా బతుకుతుందని నమ్మకం లేదు. పక్కనే నీటిలో ఉంచి గాలం తీసి పంపాలి.

మావాడి పడవలో ఉన్న అనుభవజ్ఞుడైన స్నేహితుడు ఒకరు వంగి ఆ రెక్కను చూశాడు, వల పక్కన పెట్టమన్నాడు, గాలం తిప్పి చేపను పంపేశాడు. పడవకు పెట్టిన డబ్బు, రెండు వారాల ఎదురుచూపు, అరగంట పోరు, అన్నీ గోరంత రెక్క దగ్గర ఆగిపోయాయి. ఫోనులో దిగులు దానికే. నేను మాత్రం, "ఒరే నాయనా, మన కావేరిలో అలాంటి గుర్తు ఒకటి ముందే పెట్టి ఉంటే ఎంత బాగుండేది!" అన్నాను.

ఎందుకన్నానో చెబుతాను.

సాల్మన్ మన దేశపు నదుల్లో సహజంగా లేదు. కాని గాలం వేసేవారు సాల్మన్‌తో పోల్చి చెప్పుకునే చేప ఒకటి మనకుంది. దాని పేరు మహసీర్. కన్నడంలో బిళి మీను అంటారు. మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసిన హెచ్.ఎస్. థామస్ అనే దొర 1873లో మన దేశంలో గాలపు వేట మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఈ చేప బలాన్ని సాల్మన్ బలంకంటే మిన్నగా మెచ్చుకున్నాడు. మన బొచ్చె, శీలావతి చేపల కుటుంబానికి చెందినదే ఇది. సముద్రానికి పోదు. రాళ్ళ మీద ఉరకలు వేసే ఏటినీటిలో బతుకుతుంది. నాణెమంత, అంతకంటే పెద్ద పొలుసులు, దళసరి పెదవులు దీని గుర్తులు.

కావేరిలో ఉండే మహసీర్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. తల వెనుక మూపురంలా ఎత్తు ఉంటుంది. రెక్కలు, తోక నారింజ రంగులో ఉంటాయి. ఇది కావేరిలోనూ, దానిలో కలిసే నదుల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా పుట్టదు. మైసూరులో ఉండిన వాన్ ఇంగెన్ కుటుంబంలోని ఒకాయన 1946లో కబిని నదిలో గాలంతో పట్టిన మహసీర్ 120 పౌండ్లు తూగింది. అంటే సుమారు 54 కిలోలు. మన ఇళ్ళలో రెండు బియ్యం మూటల బరువు!

ఆ తరువాత రోజులు మారాయి. ఆనకట్టలు కట్టారు. కొందరు నీటిలో మందుగుండు పేల్చి చేపలను చంపారు. పెద్ద మహసీర్ ఇక లేదేమో అనే మాట వ్యాపించింది. 1978లో బ్రిటన్ నుంచి వచ్చిన ముగ్గురు గాలం వేసేవారు కావేరిలో పెద్ద చేపలను పట్టి, అది ఇంకా బతికే ఉందని చూపించారు. ఆ వార్తతో ప్రపంచం నలుమూలల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. బెంగుళూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి అనే చోట్ల నది ఒడ్డున శిబిరాలు వెలిశాయి.

అక్కడ మోటారు పడవలు లేవు. మన పుట్టే పడవ. తెలుగువాళ్ళం పుట్టి అంటాం, హరిగోలు అంటాం. కన్నడంలో తెప్ప, తమిళంలో పరిసల్. వెదురు బద్దలతో గంపలా అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ గుడ్డ వేసి తారు పూస్తారు. ఎర ఏమిటో చెబితే మన సరిహద్దు జిల్లాల వారికి నవ్వొస్తుంది. రాగి ముద్ద! మనం సొప్పు సారుతో మింగే ముద్దనే గట్టిగా ఉడికించి, ఉండ చేసి గాలానికి గుచ్చేవారు. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టిన ఊరివాళ్ళలో కొందరికి ఆ శిబిరాల్లోనే పని దొరికింది. వాళ్ళే దారి చూపేవారు, వాళ్ళే కాపలా కాసేవారు. పట్టిన చేపను తూచి, ఫోటో తీసుకుని, తిరిగి నీటిలోనే వదలాలన్నది అక్కడి నియమం. బతికి ఉన్న చేపకు విలువ వచ్చింది కాబట్టి మందుగుండు పేల్చేవారికి అడ్డు పడేవారు ఏర్పడ్డారు.

ఇంతవరకు మంచి కథే. ఇక నష్టం ఎక్కడ జరిగిందో వినండి.

మహసీర్ తగ్గిపోతోందని బెంగపడిన వారు దాన్ని పెంచాలనుకున్నారు. మహారాష్ట్రలోని లోనావాలాలో టాటా విద్యుత్ సంస్థవారు 1970ల నుంచి మహసీర్ పిల్లలను పుట్టించి పెంచుతున్నారు. అక్కడ ఎక్కువగా పెంచినది నీలి రెక్కల మహసీర్. సైక్స్ అనే ఆంగ్ల అధికారి 1839లో పుణె దగ్గరి ములా-ముఠా నదిలోని చేపను చూసి దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. ఆ నీరు భీమా నది ద్వారా వచ్చి మన కృష్ణలో కలుస్తుంది. అంటే అది కృష్ణమ్మ బిడ్డ. ఆ రకం పిల్లలను దేశంలో ఎన్నో నదులకు పంచారు, కావేరిలోనూ వదిలారు. మహసీర్ అంటే మహసీరే కదా అనుకున్నారు. రెక్క కత్తిరించలేదు, ఏ గుర్తూ పెట్టలేదు. చెడు చేయాలని ఎవరికీ లేదు.

ఏం జరిగిందో చెప్పినది ఒక రిజిస్టరు. గాలిబోరె శిబిరంలో ఎవరు ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ రకం చేప పడింది, ఎంత తూగింది అని రాసి పెట్టేవారు. 1998 నుంచి 2012 వరకు రాసిన ఆ లెక్కలను శాస్త్రజ్ఞులు తరువాత పరిశీలించారు. సుమారు 23,600 గంటల వేటలో 6,161 మహసీర్లు పడ్డాయి. మొత్తం మీద చేపల సంఖ్య పెరుగుతూ వచ్చింది. పైపైన చూస్తే శభాష్ అనాలి. కాని రకాల వారీగా విడదీసి చూస్తే పెరిగినది నీలి రెక్కల చేప. కావేరి సొంత బిడ్డ, ఆ మూపురం చేప, ఏటికేడు తగ్గిపోతూ వచ్చింది. చివరి సంవత్సరాల్లో చిన్న మూపురం చేపలు పడటమే అరుదైంది. ఇంట్లో ముసలివాళ్ళు ఉండి, పసిపిల్లలు లేకపోతే ఆ వంశం సంగతి ఏమిటో వేరే చెప్పాలా?

నేను బడిపంతులమ్మను కాబట్టి నాకు హాజరు పట్టీయే గుర్తుకొచ్చింది. తరగతిలో నలభైమంది ఉన్నారని లెక్క సరిపోయినంత మాత్రాన చాలదు. ఆ నలభైమందిలో మన ఊరి పిల్ల ఎందుకు రావడం లేదని అడగాలంటే పేరు పిలవాలి. పేరు పిలవకుండా తలలు లెక్కపెడితే, లేని పిల్ల లేదని కూడా తెలియదు.

ఈ చేపకు అసలు సరైన శాస్త్రీయ నామమే చాలాకాలం లేదు. వందేళ్ళకు పైగా వేటకారులందరికీ తెలిసిన చేప, కాని ఏ జాతిదో తేలలేదు. పేరు లేని జాతికి రక్షణ ఎలా అడుగుతారు? 2007లో కేరళలోని పంబార్ నదిలో దొరికిన ఒక చేపకు టోర్ రెమదేవి అని పేరు పెట్టారు. ఆ పంబార్ కూడా కావేరిలో చేరే నీళ్ళే. మోయార్ నదిలో దొరికిన మూపురం చేపలను దానితో పోల్చి చూసి, రెండూ ఒకటేనని 2018లో తేల్చారు. అదే సంవత్సరం అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. పేరు వచ్చిన ఏడే ప్రాణం మీదికి వచ్చిందన్న కబురూ వచ్చింది.

ఇక శిబిరాల సంగతి. ఆ ప్రాంతం 1987లో ఏర్పడిన కావేరి వన్యప్రాణి అభయారణ్యంలోనిది. వన్యప్రాణి చట్టం ప్రకారం జంతువును పట్టుకోవడం కూడా వేటలో భాగమే. పట్టి వదిలినా పట్టడం పట్టడమే కదా అన్న వాదం నెగ్గింది. 2012 నాటికి అక్కడ గాలపు వేట ఆగిపోయింది. కాబట్టి శ్రోతలెవరైనా ఇప్పుడు గాలం పట్టుకుని భీమేశ్వరికి బయలుదేరకండి, అది నేరమవుతుంది. చేపకు బాధ తప్పింది, మంచిదే అనేవారున్నారు. కాపలా పోయింది, రిజిస్టరు ఆగిపోయింది అని బాధపడేవారూ ఉన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. నా మట్టుకు నాకు, గాలం ఆగినందుకంటే లెక్క ఆగినందుకే దిగులు ఎక్కువ.

అది పెద్ద నది, పెద్ద చేప, మనకేమిటని అనుకోకండి. మన ఊరి చెరువులోనూ ఇదే కథ. మా సర్జాపుర పిల్లలను "చెరువులో ఏ చేప ఉంది?" అని అడిగితే అందరూ ముక్తకంఠంతో "జిలేబి" అంటారు. తరతరాలుగా ఇక్కడిదే అనుకుంటారు. జిలేబి చేప ఆఫ్రికా నుంచి వచ్చినది. 1952లో మన దేశానికి తెచ్చారు. అది వేగంగా పిల్లలు పెట్టి, చెరువంతా నిండిపోయే చేప. అది రాక ముందు మన చెరువుల్లో ఉండిన చేపల పేర్లు ఎన్ని మనకు గుర్తున్నాయి? కొర్రమీను, జల్ల, మార్పు, పరక... మీ ఇంట్లో పెద్దవారిని అడిగి చూడండి. మీ పల్లెలో పలికే పేర్లు ఇంకా వేరుగా ఉంటాయి.

మనం చేయగలిగినవి మూడు పనులున్నాయి. మొదటిది, అంగడిలో కొన్న చేపనుగాని, ఇంట్లో గాజుతొట్టిలో పెంచిన చేపనుగాని చెరువులో, ఏటిలో వదలకండి. పుణ్యమని వదిలినా పాపమే జరగవచ్చు. ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లాంటివి ఒకసారి నీటిలో పడితే తిరిగి తీయడం ఎవరి తరమూ కాదు. రెండవది, పంచాయితీవారు, సంఘంవారు చెరువులో చేపపిల్లలు వదిలేటప్పుడు 'ఇవి ఏ రకం, ఎక్కడి నుంచి తెచ్చారు, ఎన్ని' అని అడిగి ఒక పుస్తకంలో రాయించండి. మూడవది, వల వేసే పెద్దాయన దగ్గర కూర్చుని ఆయన తండ్రి కాలపు చేపల పేర్లు పిల్లలచేత రాయించండి. తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి, తమిళంలో ఒకటి ఉంటే మూడూ రాయించండి. సరిహద్దులో పుట్టినందుకు ఆ సదుపాయం మనకే ఉంది.

మా మేనల్లుడు మొన్న మళ్ళీ ఫోను చేశాడు. రెండోసారి పోయినప్పుడు రెక్క లేని కోహో ఒకటి దొరికిందట, వండుకుని తిన్నారట. "మరి రెక్క ఉన్నది దొరికిందా?" అని అడిగాను. "రెండు దొరికాయి అత్తా, వదిలేశాం" అన్నాడు. ఈసారి గొంతులో దిగులు లేదు. "మా పాప కూడా పడవలో ఉంది. వంగి చూసి, రెక్క ఉంది నాన్నా అని అదే ముందు చెప్పింది" అన్నాడు.

ఆ పాపకు ఐదేళ్ళు. ఏ చేప ఆ నీటిదో చూసి చెప్పడం నేర్చుకుంది. మన పిల్లలకు కూడా మన చెరువు చేప ఏదో, మన ఏటి చేప ఏదో చూసి చెప్పడం నేర్పుదాం.